నైరుతి మూల

సత్యశ్రీ ఆటో దిగేసరికే పని మొదలైపోయింది. కాకపోతే ఆమె చెప్పిన చోట కాదు.

దువ్వాడ దగ్గరి ఆ ప్రైవేటు స్కూలుకి ఆటస్థలం ప్లాను గీసింది ఆమే. ఉక్కు కొలిమిలో మిగిలే స్లాగు పొడి పరిచి పరుగు ట్రాకు, చుట్టూ నీడకు వేప మొక్కలు. స్థలమంతా నైరుతికి వాలు. వాననీరు ఎటూ ఆ మూలకే చేరుతుంది. అక్కడ ఇంకుడు గుంత తవ్వితే పక్కనున్న బావి వేసవిలో ఎండదు, ట్రాకు వానకు పాడవదు. ఇంత తేలిక.

కూలీలు మాత్రం ఈశాన్యంలో, ఎత్తు మీద తవ్వుతున్నారు.

"నైరుతిలో గొయ్యి అనగానే మా సిద్ధాంతిగారు అదిరిపడ్డారమ్మా," అన్నాడు కరస్పాండెంటు అచ్యుతరామయ్య. "యజమాని ప్రాణానికే ముప్పట. నీళ్లెప్పుడూ ఈశాన్యంలోనే ఉండాలి."

"మనం ఉండమంటే ఉండవు కదండీ. నీళ్లు పల్లానికే పోతాయి."

"శాస్త్రం నీకు తెలుసా, ఆయనకు తెలుసా?"

సత్యశ్రీ బకెట్టు తెప్పించి ఆ గుంత అంచున నీళ్లు కుమ్మరించింది. అవి తిన్నగా నైరుతి దారి పట్టాయి. అచ్యుతరామయ్య వాటిని చివరిదాకా శ్రద్ధగా చూశాడు.

"బకెట్టు వేరు, వాన వేరు," అన్నాడు.

పీఈటీ మాస్టారు అబ్బులు ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "ఆ గోడకి సెప్పినా ఇంటాదేమో గానీ ఈయన ఇనడు మేడమ్. నాను సూత్తన్నాను కదా, వచ్చిన్నాటి నుంచీ ఇదే తంతు."

వారం తిరక్కుండా ఇంకో దెబ్బ. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలట. తూర్పున రావలసిన, ఆట చూసేవాళ్ల రాతిమెట్ల గ్యాలరీ వచ్చి ఆ మూలన కూర్చుంది. నీళ్లకున్న ఒక్క దారీ మూసుకుపోయింది. పోనీ, అడుగున తూమైనా పెట్టమంది సత్యశ్రీ.

"కన్నం పెడితే ఇంకేం బరువమ్మా?"

ప్లాను చింపేసి పోదామనుకుంది. పోలేకపోయింది. గాజువాకలో సొంత ఆఫీసు తెరిచాక చేతికొచ్చిన మొదటి పెద్ద పని ఇది. ఈ ట్రాకు చెడితే ఆమె పేరే చెడుతుంది గానీ సిద్ధాంతి పేరు కాదు.

జూన్‌లో వాన దంచికొట్టింది. పొద్దున్నే అబ్బులు ఫోన్ చేస్తే పరుగున వచ్చింది. గ్యాలరీకి ఆనుకుని మోకాటిలోతు నీళ్లు. సగం ట్రాకు కనిపించడం లేదు. ఈశాన్యం గుంతలో ఒక కప్ప ఉంది, దానికి సరిపడా తడి ఉంది.

"సాయంత్రందాకా ఇలాగే ఉంటే మొత్తం ఊబైపోద్ది మేడమ్. ఏటి సేద్దాం?" అన్నాడు అబ్బులు.

అచ్యుతరామయ్య చెవి దగ్గర్నుంచి సెల్‌ఫోన్ దించాడు. "సిద్ధాంతిగారు ఎలమంచిలి వెళ్లారట. రేపొస్తారు. అందాకా ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు."

సత్యశ్రీ చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని గునపం అందుకుంది.

"ఏవమ్మా, అది కొత్త కట్టడం!"

"ట్రాకూ కొత్తదేనండీ!"

అబ్బులు యజమాని ముఖం ఒకసారి చూశాడు. ఉద్యోగం గుర్తొచ్చినట్టుంది, కాస్త తటపటాయించాడు. తర్వాత ప్యాంటు పైకి మడిచి నీళ్లలోకి దిగాడు. "ఇటు పొడవండి మేడమ్. ఇక్కడ సిమెంటు సరిగ్గా పట్టలేదు."

అడుగు రాయి కదిలిందో లేదో, నీళ్లు దాన్ని తోసుకుని రోడ్డు కాలవలోకి దూకాయి. ట్రాకు మీది తెల్లగీతలు మెల్లగా బయటపడసాగాయి. బురద పట్టినా చెదరలేదు.

అచ్యుతరామయ్య గొడుగు వదిలేసి ముందుకొచ్చాడు. "అయ్యయ్యో, నీళ్లన్నీ పోతున్నాయి! బావిలోకి ఇంకాల్సిన నీళ్లమ్మా! ఆపండి, పట్టండి!"

"ఎందులో పట్టమంటారు?" అని అరిచింది సత్యశ్రీ. సమాధానం కోసం ఆగకుండా పక్క రాయి కిందికి గునపం దోపింది.