శంకరవ్వకు రెండు దరఖాస్తులు

రాజం బల్ల నుంచి ఏంజెల్ బల్ల దాక ఇరవై రెండు అడుగులు. కొలిచింది రాజమే. ఎవ్వలు సూడకుంట, చెప్పు తెగినట్టు నటిస్త, మెల్లగ నడుసుకుంట కొలిచిండు.

మంచిర్యాలల సోమవారం నాడు దరఖాస్తులు తీసుకునే ఆఫీసు గోడ పొంటి ఇరవై ఆరేండ్ల సంది ఆయనొక్కడే రాసేటోడు. ఏడో తరగతి నడిమిట్ల బడి ఇడిసిపెట్టి, ఒక ముసలి మున్షీ కాళ్లకాడ కూసోని రాసుడు నేర్చుకున్నడు. ఆయన దస్తూరి సూస్తే అచ్చుగుద్దినట్టే ఉంటది. బి.ఏ.లు సదివినోళ్లు గూడ వచ్చి, "రాజం సేటూ, జర నువ్వే రాయి" అనేటోళ్లు. గా మాట యాది చేసుకుంటనే ఆయనకు సగం రోజు గడిసేది.

పోయినేడు వానకాలంల గీ పిల్ల వచ్చి జిరాక్స్ డబ్బా పక్కన బల్లేసింది. పేరు ఏంజెల్, అహరోను అనేటాయన బిడ్డ. ఆమె అక్షరాలు కోడి గెలికినట్టుంటయ్. అయినా సోమవారం పొద్దెక్కేసరికి ఆమె ముందట పదిహేను మంది, రాజం ముందట ఇద్దరు. ఆ ఇద్దర్ల ఒకడు టైమెంతయిందని అడిగెటందుకు వచ్చినోడు.

ఆమెకు రాసుడు ఎట్లొచ్చిందో గూడ రాజం అరుసుకున్నడు. వాళ్ల చర్చిల సదువురాని ముసలవ్వలు తమ బాధ చెప్తే అరచెయ్యంత కాయితం మీద ప్రార్థన చీటీ రాసియ్యాలె. పాస్టరు దాన్ని అందరి ముందట ఒక్క గుక్కల సదువుతడు. చీటీ పొడుగైతే బెంచీల మీద జనం కునుకు తీస్తరు. చిన్నప్పటి సంది ఏంజెల్ చేసింది గదే పని.

"చీటీలు రాసుకునేది దరఖాస్తులు రాస్తదట!" అని రాజం చాయ్ తాగే ప్రతోనికి చెప్పిండు. నవ్వినోళ్లే పోయి ఆమె కాడ రాయించుకున్నరు.

ఇంకో సంగతి ఆయనకు అస్సలు మింగుడు పడది. గా పిల్ల ఊకె అడుగుతనే ఉంటది. "అవ్వా, పొద్దుగాల లేచి ముందుగాల ఏం జేస్తవ్? ఎవలతోని తింటవ్?" గివన్నీ ఎందుకు? రాజం అడిగేటివి మూడే ముక్కలు. పేరు, ఊరు, ఏం కావాలె. మిగిలింది ఆయన కలానికి ఎరుకే.

గా సోమవారం ఆయన అక్క శంకరవ్వ లక్సెట్టిపేట దిక్కు నుంచి బస్సు దిగొచ్చింది. నాలుగు నెలల సంది ఆమె బీడీ పెన్షన్ ఆగింది. వేలు పెడితే మిషన్ ముద్ర తీసుకుంటలేదు. రాజం ఇప్పటికి నాలుగు దరఖాస్తులు రాసిచ్చిండు, నాలుగూ యాడ పోయినయో పోయినయ్. అయిదోది నిన్ననే రాసి పెట్టిండు. అక్క కోసమని కుర్చీ తుడిసి పక్కకేసిండు.

అక్క కాయితం తీసుకున్నది, కుర్చీల కూసోలే. సక్కగ ఇరవై రెండడుగులు నడిసి ఏంజెల్ ముందట కూసున్నది.

అరగంట. రాజం గడియారం సూసిండు. తోడబుట్టినోనితోని నెలకు నాలుగు మాటలు మాట్లాడని మనిషి, గా పిల్లతోని చేతులు తిప్పుకుంట ముచ్చట పెడుతుంది! నడుమ ఒకపారి నవ్వింది గూడ. అక్క నవ్వితే ముందరి పన్ను లేనిది కనవడుతదని రాజం ఎప్పుడో మర్సిపోయిండు.

శంకరవ్వ తిరిగొచ్చి రెండు కాయితాలు ఆయన చేతుల పెట్టింది.

"తమ్మీ, నాకు సదువు రాదు. గీ రెండిట్ల ఏది మంచిగున్నదో నువ్వే సూసి లోపల ఇయ్యి."

"నన్నే అడుగుతున్నవా?"

"నువ్వు గాక ఇంకెవలున్నరు నాకు?"

రాజం ముందుగాల తనదే సదివిండు. "మహారాజశ్రీ జిల్లా అధికారి వారి దివ్యసముఖమునకు, నిరుపేదరాలు, అబల, అభాగ్యురాలు అగు శంకరవ్వ శిరస్సు వంచి వ్రాసుకొను విన్నపము. నా అన్నవారెవ్వరును లేని అనాథనై, కష్టముల కడలిలో మునిగియున్న నాపై తమరి కరుణాకటాక్షములు ప్రసరింపజేయ ప్రార్థన." ఎంత సొగసుగున్నది! ఎక్కడ తట్టుకోకుంట గోదారోలె పోతున్నది.

మనసు నిండినంక రెండోది ఇప్పిండు.

"సార్, నా పేరు శంకరవ్వ. నలభై ఏండ్లు బీడీలు చుట్టిన. వేళ్ల మీద గీతలు అరిగిపోయినయి. నాలుగు నెలల నుంచి మిషన్ నన్ను గుర్తుపడుతలేదు, పెన్షన్ వస్తలేదు. మా ఊర్ల కుక్కలు సుత గుర్తుపడుతయి. నాకొక తమ్ముడున్నడు, మంచోడు. నెలకు రెండుసార్లు అన్నానికి పిలుస్తడు. ఇదివరకు పోయినప్పుడు ఆయన మనుమరాలికి పుట్నాల పొట్లం కొంటవోయేదాన్ని. ఇప్పుడు వట్టి చేతులతోని పోవుడు సిగ్గయి, కడుపునొస్తుందని చెప్పి పోతలేను. నా మొకం చూడుండ్రి. నేనే శంకరవ్వను."

అంతే. ఎనక్కి తిప్పి సూసిండు, ఇంకేం లేదు. ఒక్క 'కరుణ' లేదు, ఒక్క 'ప్రార్థన' లేదు. అడుక్కోనన్న అడుక్కోలే. కుక్కలట! పెద్ద ఆఫీసర్‌కు రాసే కాయితంల కుక్కలా!

తప్పు వట్టాలనే మళ్ల సదివిండు. మూడోసారి గూడ సదివిండు. గా పిల్ల రాసిన దాంట్ల పేరు మారిస్తే ఇంకెవ్వలకు అతకది. తన దాంట్ల ఏ పేరైనా అతుకుతది. అతుకుడేంది, పోయిన వారం బర్రె సచ్చిపోయిన బాలమల్లుకు గవే ముక్కలు రాసిచ్చిండు, కడలితోని సహా.

"అక్కా, కడుపునొప్పి ఉత్తదేనా?"

"గా పిల్ల రాసిందా గది?" శంకరవ్వ తలకాయ దించింది. "ఉత్తదే."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వడగలే. సరేగని, నీ దాంట్ల ఏం రాసినవో జర సదువు, నేను ఇంట."

రాజం సదివిండు. గొంతు సవరించుకొని, ఊపుతోని సదివిండు. "నా అన్నవారెవ్వరును లేని అనాథనై" దగ్గర నాలిక ఆగింది.

"ఎవ్వలు లేరా?" అన్నది శంకరవ్వ. "మరి నువ్వెవనివిరా?"

"గట్ల రాయాలె అక్కా. రివాజు."

"నాలుగు సార్లు గట్లనే రాసినవా?"

లోపల నుంచి నంబరు పిలిసిండ్రు.

బల్ల ఎనక ఆఫీసర్ మేడం కూసున్నది, పక్కన దరఖాస్తుల కుప్ప. రాజం చేతిల రెండు కాయితాలు. ఏది మంచిదో ఆయనకు ఎరుకే. ఎరుకుండి గూడ ఆయన చెయ్యి తన కాయితమే ముందట పెట్టింది. గా పిల్ల కాయితంతోని పని అయితే రేపటి సంది తన ముందట టైమడిగేటోడు గూడ రాడు.

మేడం పైపైన సూసింది. "ఎవ్వరూ లేరా అమ్మా నీకు? మరి ఈయనెవరు?"

"నా తమ్ముడు మేడం," అన్నది శంకరవ్వ.

ఎనక లైన్ల ఎవడో కిసుక్కున నవ్విండు. మేడం కాయితాన్ని కుప్ప మీద ఏసి, "చూస్తాం. నెక్స్ట్," అన్నది. నాలుగు నెలల సంది ఇన్న మాటే. అక్క అలవాటైనట్టు పక్కకు జరిగింది. ఆ జరుగుడు సూసి రాజం మనసు ఒప్పలే.

"మేడం, ఇంకొకటున్నది."

మేడం రెండోది అందుకున్నది. కుక్కల కాడ పెదవుల మీద నవ్వొచ్చింది. పుట్నాల కాడ నవ్వు పోయింది. "చెయ్యి చూపించమ్మా," అని శంకరవ్వ బొటనేలు పట్టుకొని ఎలుతురుకు తిప్పింది. గాజు లెక్క నున్నగున్నది. అప్పుడే ఫోన్ కలిపి, వేలు కాదు, మొకం ఫొటో తీసి పెన్షన్ ఇయ్యుండ్రని ఊరి కార్యదర్శికి చెప్పింది.

"చాలా బాగా రాశారు. బయట రాసేది మీరే కదా?"

అవునంటే అయిపాయె. ఏంజెల్ తన కాయితం కింద పేరు రాసుకోది. అక్క కాదనది.

"మొదటిది నాది మేడం," అన్నడు రాజం.

"రెండోది?"

"గది... జిరాక్స్ డబ్బా కాడి పిల్లది."

నెల దిరిగినంక శంకరవ్వ మళ్ల వచ్చింది. ఈసారి కుర్చీల కూసున్నది. సంచిలకెల్లి పుట్నాల పొట్లం తీసి, "నీ మనుమరాలు నవ్యశ్రీకి. రేపు అన్నానికి వస్త," అన్నది. ఎనకనే ఇంకొక పొట్లం తీసింది.

"గిదెవలకు?"

"గా పిల్లకు. నువ్వే ఇచ్చిరా, నా కాళ్లు గుంజుతున్నయ్."

రాజం రెండు పొట్లాలు రెండు చేతులల్ల పట్టుకొని తూకం సూసిండు. గా పిల్లదే బరువున్నది. పిడికెడు ఎక్కువనే ఉంటది, తక్కువుండది.

తన పొట్లం బల్ల మీద పెట్టి నడిసిండు. పదకొండో అడుగు కాడ ఎనక్కి తిరిగి సూసిండు. అక్క చెప్పు దులుపుకుంటున్నది. పొట్లం ఇప్పి పిడికెడు పుట్నాలు నోట్లేసుకున్నడు.

"ఏంది కాకా, గిటొచ్చినవ్?" అన్నది ఏంజెల్.

నోటి నిండ పుట్నాలే. పొట్లం ఆమె బల్ల మీద పెట్టి, అక్క దిక్కు చెయ్యి సూపి ఎనక్కి మర్లిండు. నములుకుంటనే మళ్ల ఇరవై రెండడుగులు నడిసిండు.