ఇంట్లో కూడా తాళమా?

పొద్దున్న దొండకాయలు తరుగుతుంటే మా ఆయన జాకబ్ పేపరు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చారు. "చూశావా హెప్సీ? ఇంటర్నెట్‌లో కుకీలని ఉంటాయంట. మన గుట్టంతా లాగేస్తాయంట. కాస్త జాగ్రత్తగా ఉండు."

"బిస్కట్లు గుట్టు లాగడమేంట్రా?" అన్నారు అత్తయ్య సువార్తమ్మగారు. ఆయన నవ్వారు. నాకు ఒళ్లు మండింది. బళ్లో పిల్లలకి కంప్యూటరు చెప్పేది నేను. ఆయనకంటూ ఒక మెయిలు కూడా లేదు, జాగ్రత్తలు మాత్రం ఆయన చెప్పాలి. కుకీ దానంతటది ఎవరి ఇంటికీ కన్నం వెయ్యదు. కంప్యూటర్లో చిన్న చీటీలా ఉండి, మెయిల్లో ఉన్నది హెప్సిబా అని గుర్తుపెట్టుకుంటుంది, అంతే. లాగౌట్ చేసి మెయిలు మూయకుండా లేచిపోతే, తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా హెప్సిబాయే అనుకుంటుంది. అదీ అసలు ప్రమాదం. తెలిసీ నేను మూయడం మానేశాను. ఒకసారి నేను మూస్తుంటే ఆయన చూసి, "మొగుడి దగ్గర కూడా తాళమా?" అన్నారు. సిగ్గేసి అప్పట్నుంచీ తెరిచే ఉంచాను.

తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. "ఏలూరు నుంచి రోజూ గూడెం రైల్లో తిరుగుతావా? అమ్మకి మందులెవరిస్తారు?" అన్నారాయన. కొడుక్కి చేతుల్లేవా అని అడగాలనిపించింది, అడగలేదు. పిలుపు కోసం చూసి చూసి, మధ్యాహ్నం బళ్లోంచి ఫోన్ చేశాను.

"పోయిన వారమే ఇంటర్వ్యూకి మెయిల్లో పిలిచామండి. రాలేనని మీరే రాశారు కదా మేడం?" అంది అక్కడి క్లర్కమ్మాయి.

"ఇంకా అవకాశం ఉందాండీ?"

"రేపటితో ఆఖరండి. వస్తానని వెంటనే మెయిలు పెట్టండి, సారుకి చూపిస్తాను."

బడి అవగానే ఇంటికొచ్చి, ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని పంపిన మెయిళ్లు తెరిచాను. కుటుంబ బాధ్యతల వల్ల రాలేనని నాలుగు ముక్కల ఇంగ్లీషు. కింద 'మిసెస్ జాకబ్'. నేనెప్పుడూ అలా రాసుకోలేదు. వాళ్ల పిలుపు మాత్రం ఎక్కడా లేదు, ఆయనే తీసేశారు. కంచే చేను మేసింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. గేటు దగ్గర ఆయన స్కూటరు ఆగింది. 'ఆ ఉత్తరం నేను రాయలేదు. రేపు తప్పకుండా వస్తున్నాను. హెప్సిబా' అని పంపాను. పాస్‌వర్డ్ మార్చి, కుకీలన్నీ తుడిచేసి వంటింట్లోకి వెళ్లాను.

కాఫీ కలుపుతుంటే ముందుగదిలో కుర్చీ లాగిన చప్పుడైంది. కాసేపు మౌసు టకటకలాడింది. తర్వాత విసుగ్గా కేక.

"హెప్సీ, మెయిలు తెరుచుకోవట్లేదేంటి?"

కాఫీ గ్లాసు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"ఎవరి మెయిలండీ?" అన్నాను.