గ్రైండర్ మోత ఆగాక

ఇడ్లీకి నానబెట్టిన మినప్పప్పు గ్రైండర్‌లో వేసి, చేత్తో నీళ్లు చిలకరిస్తూ పాడుకుంటున్నాను. అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అబ్బాయి ఉమాకాంత్ వాళ్ల ఇంట్లో గ్రైండర్ బేస్‌మెంట్‌లో ఉంటుంది. పైన పెడితే కోడలు రజిని ఆఫీసు కాల్స్‌కి అడ్డం. ఆ రాళ్ల మోతలో నా పాట నాకే సరిగ్గా వినపడదు. అందుకే అక్కడ పాడతాను. ఉన్నట్టుండి మోత ఆగిపోయింది. నా గొంతు ఒక్కటే మిగిలి, రెండు మాటల దూరం అలాగే వెళ్లి, సిగ్గుపడి ఆగింది. వెనక్కి తిరిగితే మనవరాలు ఇషా, పీకిన ప్లగ్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"నానమ్మా, అది నువ్వేనా?"

"పప్పు సగంలో ఉంది. ప్లగ్ పెట్టమ్మా."

"కొత్త సాంగ్ రిలీజ్ అయింది, నీకు చెప్దామని వచ్చా. నువ్వు ఆల్రెడీ పాడేస్తున్నావ్."

జపాన్‌లో ముగ్గురమ్మాయిల బృందం ఒకటుంది. ఒకేలాంటి గౌన్లు, ఒకేలా కత్తిరించిన జుట్టు, నవ్వకుండా బొమ్మల్లా ఆడతారు. ఇషాకి వాళ్లంటే ప్రాణం. వాళ్ల కొత్త పాట ఆ రోజు విడుదల. మంచు పడి బడి లేకపోవడంతో పొద్దున్నుంచీ కంప్యూటర్ ముందు కాచుకుని కూర్చుంది. అంతకుముందే ఆ పాటలో చిన్న ముక్క బయటికొచ్చి వారంగా ఇల్లంతా మోగుతోంది. బట్టలు మడతపెడుతూ విన్నాను, కాకరకాయలు తరుగుతూ విన్నాను. ఆ భాషలోనూ మన భాషలోలాగే మాటలు చాలావరకు అచ్చుతో ఆగుతాయి. క్యాలెండర్ కాగితం వెనక తెలుగులో రాసి చూస్తే చక్కగా ఒదిగాయి. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి, ఆయన పోయాక, ఈ ఇంటి భోజనాల బల్ల దగ్గర. రజినే దిద్దించింది. అప్పటినుంచి చెవిన పడిందల్లా రాసి చూడాలనిపిస్తుంది.

మా ఆయన చెడ్డవారని ఎవరూ అనరు. నేనూ అనను. చెయ్యెత్తలేదు, తిట్టలేదు. పెళ్లయిన కొత్తలో రోలు దగ్గర పాడుకుంటుంటే వచ్చి, "వీధిలోకి వినపడుతోంది" అన్నారు, అంతే. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఆయన ఎక్కడ కూర్చుని అయినా నన్ను పిలవచ్చు. నేను మాత్రం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కేక వేయకూడదు. "ఏం చెప్పాలన్నా దగ్గరికొచ్చి చెప్పు, కోటమ్మా" అనేవారు, మెల్లిగా, నవ్వుతూనే. పొయ్యి మీద పాలున్నా సరే, వంటింట్లోంచి అరుగు దాకా నడిచి, "భోజనానికి లేస్తారా" అని అడిగి, వెనక్కి వచ్చి పొంగిన పాలు తుడిచేదాన్ని. "మనసెక్కడ పెట్టుకుంటుందో" అనేది అత్తగారు. ఆ నడకని ఎవరూ పని కింద లెక్కెయ్యలేదు. పాట మానేశాననే అందరూ అనుకున్నారు. రుబ్బురోలు గట్టిగా తిప్పితే ఆ మోతలో గొంతు మునిగిపోతుందని నాకొక్కదానికే తెలుసు. ఊళ్లో అందరూ మా ఇంటి పిండి వెన్నలా ఉంటుందనేవారు. ఉండదూ మరి, పాట అయ్యేదాకా రుబ్బేదాన్ని.

"నానమ్మా, నువ్వు పాడతావా?" అంది ఇషా, ప్లగ్ ఇంకా చేతిలోనే పట్టుకుని. తను, స్నేహితురాళ్లు ఇద్దరూ కలిసి ఉగాది ప్రోగ్రామ్‌లో ఆ పాటకి డ్యాన్స్ చేయాలనుకున్నారు. పాట తెలుగులో ఉంటేనే ఒప్పుకుంటామని తెలుగు సంఘం వాళ్లు అన్నారట. "నువ్వు తెలుగు వర్డ్స్ పెట్టి పాడు. నేను రికార్డ్ చేస్తా."

ఆ పాటకి అర్థం ఏమిటని అడిగితే, రైల్లో గొడుగు మర్చిపోయిన అమ్మాయి అని చెప్పింది. నాకు రైలూ గొడుగూ రాలేదు. "పాలు పొంగెను, కాళ్లు నడిచెను, నోరు మాత్రం కూర్చునే ఉన్నది" అని వచ్చింది. బాణీలో సరిగ్గా కూర్చుంది.

సంగతి రాత్రి భోజనాల దగ్గర ఉమాకాంత్‌కి తెలిసింది.

"అమ్మ పాడ్డమేంటి, అంతమందిలో?"

"స్టేజ్ మీద కాదు డాడీ, రికార్డింగ్. ఆ గ్రూప్ లాగే వాయిస్‌కి ఎఫెక్ట్ పెడతా. రోబోలా ఉంటుంది. ఎవరిదో తెలీదు."

"అలాగా. అయితే ఓకే. పేరు మాత్రం అనౌన్స్ చేయించకు. మా ఆఫీసు వాళ్లంతా వస్తారు. నాన్న పోయాక అమ్మ ఇలా పాటలూ అవీ... అమ్మకే ఇబ్బంది." నా వైపు తిరిగి నవ్వాడు. "నీకూ అదే మంచిది కదమ్మా?"

అది వాళ్ల నాన్న నవ్వు. నేను చారు వడ్డించాను.

రజిని కంచంలోకి చూస్తూనే, "ఇబ్బందని అత్తయ్యగారు అన్నారా?" అంది.

"నువ్వు ఊరుకో, రజినీ."

ఊరుకుంది. ఆఫీసు కాల్స్‌లో రజినికి వేరే గొంతు ఉంటుంది. మాటల్ని సాగదీసి, అక్కడక్కడా నవ్వు కలిపి మాట్లాడుతుంది. తలుపు తీసుకుని బయటికొచ్చి గ్లాసుడు నీళ్లు తాగితేగానీ తన గొంతు తనకి తిరిగి రాదు. మేమిద్దరం ఈ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

శనివారం మధ్యాహ్నం బేస్‌మెంట్‌లో ఇషా నా ముందు మైకు పెట్టింది. చుట్టూ దుప్పట్లు కట్టింది. పాడాను. కంప్యూటర్‌లో ఏవేవో నొక్కి వినిపించింది. నున్నగా, మెరుస్తూ, ఎక్కడా ఊపిరి తీసుకోని గొంతు. అందులో నేను లేను. వాళ్ల పాటలో ఆ జపాన్ అమ్మాయిలు ముగ్గురూ ఉన్నారనీ చెప్పలేను.

"వాళ్లలో ఏ పిల్ల ఏ మాట పాడిందో నీకు తెలుస్తుందా?" అని అడిగాను.

"తెలీదు. అదే కూల్, నానమ్మా."

వాళ్లు ఆ గొంతు కోరి పెట్టుకున్నారేమో. వాళ్ల సంగతి నాకు తెలియదు. నాకు మాత్రం రుబ్బురోట్లో పొత్రం మోత గుర్తొచ్చింది. గొంతు దాచే ఈ మిషన్ కొత్తదేమీ కాదు, ఇన్నేళ్లూ నా దగ్గర ఉన్నదే.

"ముందుది ఏదీ, నేను పాడింది?"

ఇంకోటి నొక్కింది. ఎవరో ముసలావిడ పాడుతోంది. పై స్థాయిలో గొంతు కాస్త చీలింది. "కాళ్లు నడిచెను" దగ్గర గట్టిగా ఊపిరి తీసుకుంది. ఎవరీవిడ, ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. తరువాత తెలిసింది. పుట్టి బుద్ధెరిగాక నా పాట నేను వినడం అదే మొదటిసారి. ఎప్పుడూ మోతలోనే పాడాను మరి.

ఇషా నా ముఖం చూసి భయపడింది. "బాలేదా? ఎఫెక్ట్ పెట్టేస్తాలే."

"వద్దు. ఇదే పెట్టు. పాడింది కోటమ్మ అని చెప్పించు."

"డాడీ?"

"డాడీకి నేను చెబుతాను."

పైన హాల్లో ఉమాకాంత్ టీవీ చూస్తున్నాడు. మెట్ల దాకా వెళ్లాను. అలవాటుగా చెయ్యి రెయిలింగ్ మీద పడింది, కాలు మొదటి మెట్టు మీదికి లేచింది. ఆ కాలు కింద పెట్టేశాను. అక్కడే నిలబడి ఊపిరి తీసుకుని, ఇల్లంతా వినపడేలా పిలిచాను.

"ఉమాకాంత్, ఇలా కిందికి రా నాయనా. నీతో మాట్లాడాలి."

పైన టీవీ ఆగింది.