చక్రానికి సిందూరం

వీడియోలో పచ్చటి కొండ. దాని నెత్తిన ఆగస్టు ఎండకు కూడా కరగని మంచు. మెలికలు తిరిగిన మట్టిదారి మీద విష్ణు సైకిలు దిగివస్తోంది. మలుపు దగ్గర అతను బ్రేకు పట్టిన ప్రతిసారీ కీచుమని ఒక అరుపు. దారి పక్కన నిలబడి ఫోన్లో తీస్తున్న నిఖిల నవ్వు ఆపుకోలేకపోతోంది.

"సుభద్రక్కా, విన్నవా? మీ సారు బండి పందిపిల్ల లెక్క ఒర్రుతుంది!"

వెనకనుంచి విష్ణు గొంతు, మాట చివర తన ఊరి అలవాటు 'లా' తగిలించి. "కొత్త ప్యాడ్స్ లా! సెట్ అవ్వాలి కదా!"

సుభద్ర నవ్వలేదు. వీడియోను మళ్ళీ మొదటికి తిప్పింది. పెళ్ళయిన నాటినుంచి ఆ సైకిలు సింగపూర్‌లో, సెంబవాంగ్‌లోని ఈ ఫ్లాటు గుమ్మం ముందు, చెప్పుల అర పక్కనే ఉండేది. గొలుసు చప్పుడు తప్ప దాని నోట మరో మాట సుభద్ర ఎరగదు. ఇంతకుముందు ప్యాడ్లు మార్చినప్పుడు కూడా ఇలా అరవలేదు.

ఆల్ప్స్ కొండల్లో సైకిలు పార్కులు చూసిరావాలన్నది విష్ణుకు చాలాకాలంగా ఉన్న కోరిక. ఓడలు బాగుచేసే కంపెనీలో పని; సెలవులు కూడబెట్టుకుని, ప్రతి ఆదివారం తనతో అడవిదారుల్లో తొక్కే గుంపుతో కలిసి ఆస్ట్రియా వెళ్ళాడు. నిఖిల కూడా ఆ గుంపులోదే. హనుమకొండ పిల్ల, ఇక్కడ యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఆదివారం సవారీ అయ్యాక మట్టి బూట్లు బయట విడిచి, వీళ్ళింట్లోనే అన్నం తిని వెళుతుంది. అక్కడి పార్కుల సంగతి సుభద్రకు విడమరిచి చెప్పింది ఆ పిల్లే. చలికాలంలో మంచుమీద జారేవాళ్ళను మోసే లిఫ్టులు ఎండాకాలంలో సైకిళ్ళను కొండమీదికి చేరుస్తాయట. తొక్కి ఎక్కే శ్రమ లేదు. దిగడమే.

"దిగుడంతా బ్రేకుల మీదనే అక్కా," అంది అప్పుడు.

పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తగారు నాగరత్నం తలెత్తి ఫోనులోకి చూసింది.

"అరవనీవే. స్వామి తోడున్నానని చెబుతున్నాడు."

"ఏ స్వామి అత్తయ్యా?"

నాగరత్నం ముసిముసిగా నవ్వింది. ఆవిడ పుట్టింది, పెరిగింది ఇక్కడే. తాతలనాడు విశాఖ తీరంనుంచి నౌకాస్థావరం పనికి వచ్చిన కుటుంబం. ఊరు మారినా, తరాలు మారినా మొక్కుబడి మాత్రం ఒక్కటీ మానలేదు.

"నీకు చెప్పకేం గానీ వాడితో అనకు. బయల్దేరేరోజు పొద్దున్న వాడు స్నానంలో ఉన్నప్పుడు ఆంజనేయస్వామి సిందూరం పెట్టాను సైకిలుకి. కొండలు కదా మరి! కొండల్లో ఆయన్ని మించినవాడెవడు?"

"ఎక్కడ పెట్టారు?"

"చక్రం నడిమధ్యన వెండిపళ్ళెంలా మెరుస్తాదే, దానికి. ముందూ వెనకా రెండిటికీ. పొడిగా పెడితే విమానంలో రాలిపోద్ది కదా, నువ్వులనూనెలో బాగా రంగరించి పట్టించాను."

సుభద్ర చేతిలో ఫోను నెమ్మదిగా ఒళ్ళోకి దిగింది.

"ఆయన చూడలేదా?"

"చూస్తే ఊరుకుంటాడా? గుడ్డపెట్టి తుడిచేశాన్లే, మచ్చ కూడా లేకుండా. స్వామికి తెలిస్తే చాలు, వాడికెందుకు?"

ఒకసారి సైకిలు దుమ్ము దులుపుతూ సుభద్ర వంటింటి గుడ్డను ఆ పళ్ళేనికి తగిలించబోయింది. విష్ణు పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. అది బ్రేకు పళ్ళెమట. రెండువైపులా ప్యాడ్లు దాన్ని నొక్కి పట్టుకుంటేనే చక్రం ఆగుతుంది. దానికి చమురు అంటితే ఆ చమురు ప్యాడ్లలోకి ఇంకిపోతుంది. ఇక ఎంత నొక్కినా పట్టు దొరకదు. పారేసి కొత్తవి వేసుకోవడమే. తుడిస్తే చమురు వదలదన్న మాట సుభద్రకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రోజూ పెనం తోమే చెయ్యి అది.

వీడియోలో నిన్న దిగింది పిల్లలు కూడా దిగే వాలు. ఇవాళ వెళ్ళేది పై కొండకు. అక్కడ కష్టమైన దారులకు నల్లగుర్తు పెడతారనీ, దానిమీద దిగాలనే ఇంతదూరం వెళుతున్నాననీ విష్ణు నెలరోజులుగా చెబుతూనే ఉన్నాడు.

ఇక్కడ మధ్యాహ్నం మూడు దాటింది. అక్కడ లిఫ్టులు తెరిచే వేళ.

సుభద్ర విష్ణు నంబరు నొక్కింది.

"ఎవరికే?" అంది నాగరత్నం.

"మీ అబ్బాయికి. ఆ నూనెతో బ్రేకులు పడవత్తయ్యా. ఆ అరుపు దానిదే."

"అలమాక్, అయ్యో! నోటమ్మట అదేం మాట? ప్రయాణంలో ఉన్నవాడికి అపశకునం పలుకుతావా? బ్రేకులు పడవు, పడిపోతావు అని నువ్వే అనేస్తే అయిపోదూ?"

"అనకపోతే అవుతుంది."

"నిన్న దిగలేదూ? ఏమైంది వాడికి? చిన్నప్పటినుంచీ వాడి చెప్పులకి సైతం దిష్టి తీసినదాన్ని నేను. నా చేత్తో నేనే వాడికి..." చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపింది. గొంతు తగ్గించి, "చెప్తే చెప్పు. నా పేరెత్తకు. ఇక జన్మలో నన్ను దాని దరిదాపులకి రానివ్వడు," అంది.

ఫోను మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. ఈసారి మోగనే లేదు. మెసేజి రాసింది: 'ఆ బైకు ఎక్కకు. డిస్కులకు నూనె అంటింది. నిజం. చూడగానే ఫోన్ చెయ్యి.' పంపింది. ఒక్క టిక్కు పడింది. రెండోది పడలేదు.

కొండమధ్యలో సిగ్నల్ ఉండదేమో. లిఫ్టులో ఉన్నాడేమో. నిఖిలకు చేసింది. మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు.

కిటికీ అవతల, నీళ్ళకు ఆవలి గట్టున ఉన్న జోహోర్ వైపునుంచి మబ్బు కమ్ముకొస్తోంది. జలసంధిమీద నీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. కింది అంతస్తులో ఎవరో వెదురుకర్రలమీద ఆరేసిన బట్టలు హడావిడిగా లోపలికి లాగుతున్నారు. సుభద్ర తన బట్టల సంగతి పట్టించుకోలేదు. వీడియో ఇంకోసారి పెట్టింది. ఈసారి బొమ్మ చూడలేదు, విన్నది మాత్రమే. మొదటి మలుపు దగ్గర అరుపు గట్టిగా ఉంది. కిందికి వచ్చేకొద్దీ సన్నబడింది. చివరి మలుపులో అసలు వినిపించలేదు. సర్దుకుందని విష్ణు అనుకుని ఉంటాడు. పట్టు వదిలేసిందని ఆమెకు తోచింది.

నాగరత్నం దేవుడి అర ముందు కూర్చుని పెదవులు కదుపుతోంది. వాన మొదలైంది. జల్లు కారిడార్లోకి కొట్టి, సైకిలు ఉండే చోటు తడిసిపోయింది.

ఫోను మోగింది.

"ఏంటి సుభద్రా, ఇన్ని మిస్డ్ కాల్సు! ఇల్లేమైనా తగలబడిందా?" విష్ణు గొంతులో నవ్వు.

ఆమె సోఫా అంచున కూర్చుంది. "ఎక్కడున్నావు?"

"కింద, కెఫేలో. ఫోను చార్జి అయిపోయి ఇప్పుడే ఆన్ అయింది. నిన్న తిన్న చీజ్ పడలేదు, కడుపు ఒకటే గోల. ఇవాళ నేను రైడ్ చెయ్యట్లేదు లా."

"హమ్మయ్య," అంది. కళ్ళు మూసుకుంది. "విను. ఆ బైకు ముట్టుకోకు. డిస్కులకు నూనె అంటింది. ఎలా అని ఇప్పుడడగకు. ప్యాడ్లు మార్చేదాకా ఎవరూ ఎక్కకూడదు."

అటువైపునుంచి కప్పులు, చెంచాల చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"వింటున్నావా?"

"నిఖిల అద్దెకి తీసుకున్న బైకుకి గేరు కేబుల్ తెగింది," అన్నాడు. నవ్వు లేదు. "నాది ఖాళీగానే ఉంది కదా అని తీసుకెళ్ళమన్నాను. బ్రేకు మెత్తగా ఉందన్నది. నేనే చెప్పాను, రెండు మలుపులు దిగితే సెట్ అవుతాదని."

"ఎక్కడుంది ఇప్పుడు?"

"పైకెళ్ళిపోయింది. నల్లగుర్తు దారికి."

కుర్చీ పడిన శబ్దం. కంకరరాళ్ళమీద పరుగు. విష్ణు ఎవరితోనో ఇంగ్లీషులో అరుస్తున్నాడు, లిఫ్టు, రేడియో, పైకి చెప్పండి, ఆ అమ్మాయిని ఆపండి. ఫోను తెగిపోయింది.

నాగరత్నం దేవుడి అర దగ్గరనుంచి చీర కుచ్చెళ్ళు పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది.

"వాడేనా? బాగున్నాడా?"

"బాగున్నాడు."

ఆవిడ ముఖం విప్పారింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "నేను చెప్పలేదూ! స్వామి కార్యం ఊరికే పోద్దా? ఒట్టినే నా గుండెలు అదరగొట్టావు."

సుభద్ర అప్పటికే నిఖిల నంబరు నొక్కుతోంది.

"సైకిలు మీద నిఖిల ఉందత్తయ్యా. ఈయనే ఇచ్చాడు. కొండమీదికి వెళ్ళిపోయింది."

నాగరత్నం చేతులు ఎత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి. తర్వాత ఒక్కొక్కటే కిందికి దిగాయి. వాన చప్పుడులోంచి, సుభద్ర చెవిదగ్గరనుంచి, ఫోను రింగు ఆవిడకు కూడా సన్నగా వినిపిస్తోంది.

"ఎత్తలేదా?"

సుభద్ర తల అడ్డంగా ఊపింది.

"మళ్ళీ చెయ్యి. చెయ్యవే," అంది నాగరత్నం. దేవుడి అర వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది. "అర్చన మొక్కుకోవాలంటే పేరొక్కటీ చాలదు. ఆ పిల్ల నక్షత్రం ఏంటో? ఎప్పుడైనా చెప్పిందా?"

"లేదత్తయ్యా."

"వాళ్ళమ్మ పేరు?"

అదీ తెలియదు. ఆదివారాల్లో ఎవరూ అడగలేదు. సుభద్ర ఫోను చెవికి ఆనించుకుని, మోగుతుంటే వింటూ నిలబడింది.