అసలు కట్టేది ఎవరు

పంతులు చేతికి గీతలెందుకు పడతాయి, సుద్దముక్క పట్టే చెయ్యి, మహా అయితే బెత్తం పట్టే చెయ్యి, అని బస్సు శిరివెళ్ల దాటేదాకా లూదియా అదొక్కటే నమిలింది, కిటికీ పక్కన చోటు దొరికినా బయట కాలువ కట్ట మీద పోయే ఎద్దులబండ్లు ఆమె కంట్లోకి దిగలేదు, కళ్ల ముందు భర్త దేవసహాయం ముంజేతులే ఆడుతున్నాయి, పోయిన శనివారం స్నానానికి చొక్కా విప్పితే మోచేతి దాకా సన్నగా, ఎర్రగా, పిల్లి రక్కినట్టు, ఇవేంది అంటే గడివేముల షావుకారు వాకిట్లో ముళ్లకంచె తగిలిందిలే అన్నాడు, ఒక వారం తగులుతుంది, రెండో వారం చూసుకుని నడుస్తాడు, ప్రతి శనివారం అదే కంచెకు చేతులిచ్చే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు, కర్నూలు కాలేజీలో తర్కం పాఠం విన్నది ఊరికే పోతుందా, షావుకారు పిల్లలకు ట్యూషన్ అంటాడు, మరి ఆ దుడ్లేవీ అంటే పంట చేతికొచ్చినాక ఒకేసారి ఇస్తాడంట అంటాడు, షావుకారుకు పంటేమిటి, అతనిది బట్టల అంగడి కదా, అబద్ధం చెప్పడం రానివాడు అబద్ధం మొదలుపెడితే ఇట్లాగే ఉంటుంది, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నట్టు, పక్కింటి కమలాక్షమ్మ గోడ మీదుగా చేట చాపుతూ అననే అన్నది, ఏం మే లూదియమ్మా, మీ సారు శనివారం శనివారం ఆళ్లగడ్డ బస్సెక్కతాండాడే, గడివేముల ఎప్పుడు ఆ పక్కకు జరిగింది, అని నవ్వింది, ఆ నవ్వులో ఉప్పెంత కారమెంత అని లూదియా రెండు రోజులు కొలిచింది. ఆళ్లగడ్డలో ఉండేది ఆయన అక్క సువార్తమ్మ, మొగుడు పోయి, పిల్లలు లేక, ఎనుములు మేపుకుని హోటళ్లకు పాలు పోసుకుంటూ బతికే మనిషి, సొంత అక్క దగ్గరికి పోయేవాడికి అక్క దగ్గరికి పోతున్నానని చెప్పడానికి నోరెందుకు రాదు, చెప్పకూడని పనేదో ఉంటేనే కదా మనిషి ఊరి పేరు మారుస్తాడు, అనుకుంటూ ఉండగానే సోమవారం సొసైటీ ఆఫీసులో ఆ మాట చెవిన పడింది, అంతటితో గీతలు, బస్సు, నవ్వు అన్నీ ఒక దారానికి ఎక్కాయి.

ఇల్లంటే పెద్ద ఇల్లేమీ కాదు, నంద్యాలలో రైలుకట్టకు ఇవతల రెండు గదులు, ఒక వసారా, బేతంచెర్ల బండలు పరిచిన నేల, కట్టుకోవడానికి దుడ్లిచ్చింది గృహనిర్మాణ సొసైటీ, ఇంటి పత్రాలు వాళ్ల బీరువాలో కుదువ ఉన్నాయి, నెలనెలా వడ్డీ తప్పకూడదు, తీసుకున్న అప్పు మాత్రం వీలైనప్పుడు ఎంతైనా కట్టుకోవచ్చు, గడువులోగా తీరకపోతే వేలం, వేలమంటే ఏమిటో ఎనభై రెండులో వెనక వీధి కొండయ్య ఇంటి ముందు చూసింది, తప్పెట కొట్టి పాట మొదలుపెడితే కొండయ్య భార్య పొయ్యి మీద ఉడుకుతున్న కుండను గుడ్డతో పట్టుకుని వీధిలోకొచ్చి నిలబడింది, దాన్ని ఎక్కడ దించాలో తెలియక చేతులు కాలుతున్నా అట్లాగే నిలబడింది, ఆ కుండ లూదియా మనసులో ఇప్పటికీ దిగలేదు, ఆ రోజే మొగుడితో అన్నది, వడ్డీకి నెలనెలా నేనిస్తా, మీరు పోయి కట్టండి, అప్పు తీర్చే సంగతి మాత్రం నాకొదిలేయండి, అందులో మీరు వేలు పెట్టొద్దు, గడువుకు ముందే తీర్చి చూపిస్తా, అప్పట్నుంచి ఇంట్లో పేపరు మానేసింది, కాఫీపొడిలో చికోరీ పెంచింది, నూనె గరిటెతో కాదు చెంచాతో వేసింది, చీర నడిమికి చిరిగితే కోసి అంచులు మధ్యకు తెచ్చి కుట్టింది, కూడబెట్టింది బియ్యం డబ్బాలో దాచి, ఇన్నాళ్లకు ఒక మాదిరి మొత్తం అయిందని సోమవారం తీసుకుని సొసైటీకి పోయింది, ఎవరికీ చెప్పకుండా కట్టి రశీదు మొగుడి అన్నం కంచం పక్కన పెట్టాలని ఆశ, అక్కడ గుమాస్తా సుందరరాజు వక్కాకు నములుతూ తలెత్తి, సారు అసలు కట్టడం లేదు గదమ్మా, అని ఇంకేదో అనబోతుంటే లోపలి నుంచి ఎవరో పిలిచారు, ఉండండమ్మా వస్తా అని లేచిపోయాడు, ఆమె ఉండలేదు, వెనక నిలబడిన ఇద్దరూ ఆయన బడిలో పనిచేసే పంతుళ్లే, వాళ్ల ముందు ఏమని అడుగుతుంది, మా ఆయన ఎన్ని నెలల నుంచి కట్టలేదని అడుగుతుందా, ముడుపు మళ్లీ కొంగున కట్టుకుని ఎండలో ఇంటిదాకా నడిచింది, అసలు కట్టడం లేదు, ఒక్క నెల కూడా కట్టడం లేదు, తాను చెంచాలతో కొలిచి ఇచ్చిన వడ్డీ దుడ్లు ఆళ్లగడ్డ బస్సెక్కి పోతున్నాయి, అక్క కొంగులో పడుతున్నాయి, అడగాలి, ఆయన్ను కాదు, ఆయన్ను అడిగితే ఇంకో కంచె తగులుతుంది, ఆమెనే అడగాలి.

ఆళ్లగడ్డ బస్టాండులో దిగి సువార్తమ్మ ఇంటి దోవ పట్టినప్పుడు లూదియాకు కళ్లు తప్ప ఇంకేమీ లేవు, ఒక్కొక్క వస్తువునీ పట్టి అడిగే కళ్లు, వాకిలి అలికి ఉంది, సరే, తలుపుకు కొత్త గడియ, ఇది ఎవరి సొమ్ము, పాక మీద కొత్త తాటాకు కప్పు, ఇది ఎవరి సొమ్ము, పాకలో ఒకటి కాదు, మూడు ఎనుములు, నున్నగా, నల్లగా, నెమరేస్తూ, వాటి కొమ్ములకు రంగు కూడా, చూడు చూడు, నా కాఫీలో చికోరీ పోసి ఇక్కడ ఎనుముల కొమ్ములకు రంగేసినారు, అనుకుంది, ఇంతలో గోడ పక్కన జొన్నచొప్ప మోపు కనబడింది, తలకెత్తుకునేంత మోపు, దాని ఆకుల అంచులు కత్తుల్లా ఎండలో మెరుస్తున్నాయి, ఆ మోపును చూస్తూ చూస్తూ ఆమె చెయ్యి దానంతటదే తన ముంజేతిని రుద్దుకుంది, ఇదీ ఆ కంచె, పంతులు ఇక్కడ చొప్ప కోస్తున్నాడన్నమాట, అంటే ఈ ఎనుముల్లో ఆయనకు వాటా ఉంది, అంటే ఇద్దరూ కలిసి నాకు తెలియకుండా వ్యాపారం పెట్టారు, అంటే లాభం ఈమెది, వేలం నాది. సువార్తమ్మ పేడ చేతులు కడుక్కుంటూ వచ్చింది, ఆమెను చూసి ఆశ్చర్యపోలేదు, అది ఇంకా అనుమానం, ఏం మే లూదియా, ఎండబడి వస్తివి, తమ్ముడు బాగుండాడా, కాళ్లు కడుక్కో, మజ్జిగ తాగుదువు, అంటుంటే, మజ్జిగ తర్వాత వదినా, ముందు నాకొకటి చెప్పు, ఈ ఎనుములు ఎవరివి, అని వాకిట్లోనే నిలబడి అడిగింది, సువార్తమ్మ నవ్వింది, నావైతే నేను రాణిని గదా, రెండు శేషయ్యవి, ఒకటి రంగనాయకమ్మది, పాలికి మేపుతాండా, సగం పాలు వాళ్లవి సగం నావి, నావి రెండుంటే ఉగాదికే సంతకు తోలించి అమ్మిస్తి, అన్నది, తోలించి అమ్మిస్తివా, ఎందుకు అమ్మిస్తివి, ఆ దుడ్లేం జేస్తివి, అని అడుగుతున్నప్పుడు లూదియా గొంతు తనకే పోలీసు గొంతులా వినబడింది.

ఏం జేస్తా, మీ సొసైటీలో కడ్తి, అన్నది సువార్తమ్మ, చెంబు బోర్లించి, ఏదో పక్కింటి సంగతి చెప్పినట్టు, నీకు చెప్పొద్దని వాడు తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నాడు గానీ, నువ్వు ఇంటికొచ్చి నిలబడి అడుగుతాంటే నేనేం దాచేది, నాకు అబద్ధం చెప్పేకి రాదు, వడ్డీ వాడు కడతాండాడు, అసలు నేను కడతాండా, అంతే, నెలకోసారి ఎనుములకు పెట్టే శనగచెక్క కొనేకి నంద్యాలకొస్తా గదా, అట్లే ఆ సుందరరాజు దగ్గర కట్టి బస్సెక్కతా, ఎనుములు పోయినాక పాలికి మూడు పట్టుకుంటి, ఒక్కదాన్ని మూడింటికి మేత తెచ్చేకి అయితాదా, శనివారం వాడొచ్చి చొప్ప కోసిపోతాండాడు. అసలు, అసలు నేను కడతాండా, ఆ మాట లూదియా చెవిలో ఒకసారి పడి, తిరగబడి, ఇంకో ముఖం చూపించింది, సారు అసలు కట్టడం లేదు గదమ్మా, వడ్డీ పక్కన ఉండే అసలు, ఊళ్లో పాలమ్మేవాళ్లకు, పాత గుడ్డలమ్మేవాళ్లకు కూడా తెలిసిన అసలు, తాను మాత్రం ఏనాడూ ఆ మాట అనలేదు, అప్పు అనే అనేది, సుందరరాజు ఆ తర్వాత అనబోయింది మీ ఆడబిడ్డే కడతాంది అనే కాబోలు, ఒక్క నిమిషం నిలబడి ఉంటే వినేది, నిలబడలేదు, తర్కం చదివింది కదా, ముందే తేల్చేసుకుంది.

కానీ అనుమానం కుక్కలాంటిది, ఒక వాకిట్లో తరిమితే ఇంకో వాకిట్లో పడుకుంటుంది, ఊరికే ఎవరైనా రెండు ఎనుములు అమ్మి ఇస్తారా, రేపు ఇంట్లో వాటా అడుగుతుందేమో, పత్రంలో పేరు అడుగుతుందేమో, ముసలితనంలో ఒక గది నాది అంటుందేమో, ఎందుకు వదినా, నీకేం అవసరం, అని అడిగేసింది, అడిగినాక నాలుక కరుచుకుంది, సువార్తమ్మకు కోపం రాలేదు, మజ్జిగలో ఉప్పు కలుపుతూ, వాడొచ్చి కొండయ్య ఇల్లు వేలమేసిన కథ చెప్పి, ఇదో ఈ అరుగు మీద కూలబడి ఏడ్చినాడు మే, మీసాలొచ్చినోడు, లూదియా పగలంతా తినకుండా మిగిలిస్తాంది అక్కా, అయినా గడువుకు చాలదు, ఆమెకు ఆ మాట చెప్పేకి నాకు నోరు రాలే అని, అన్నది, మరి నంద్యాలకొచ్చి మా గడప తొక్కకుండా పోతాంటివా, నాతో ఒక్క మాట చెప్పకూడదా, అంటే, చెప్తే ఏం జేస్తావో నాకు తెల్దా, తిరిగి కట్టేస్తావు, నెయ్యి పంపిస్తే తెల్లారేసరికి అదే టిఫిను గిన్నెలో చక్కెర పోసి పంపిస్తివి, జున్ను పంపిస్తే మామిడికాయలు పంపిస్తివి, ఇప్పుడు హాస్టల్లో చదివే మీ పిల్లోడు పుట్టినప్పుడు నెల దినాలు నీ పనులు చేస్తి, పోయేటప్పుడు చీర, దుడ్లు, బస్సు చార్జీ చేతిలో పెడ్తివి, పనిమనిషికి లెక్క తీర్చినట్టు, నేను బస్సులో కూచ్చోని ఏడుస్తి లే, నీ దగ్గర ఒక్క పూట కూడా బాకీ నిలబెట్టవు గదా మే, అందుకే దాచిపెడ్తిమి, దొంగల మాదిరి, అని నవ్వి గ్లాసు చేతికిచ్చింది.

మజ్జిగ చల్లగా గొంతులో దిగుతుంటే లూదియాకు ఆ చీర రంగు గుర్తొచ్చింది, వంకాయ రంగు, మంచిదే కొన్నాననుకుంది, మర్యాద చేశాననుకుంది, ఎవరి చెయ్యీ తన మీద ఉండకూడదని, ఎవరూ రేపు ఒక మాట అనకూడదని, ఇచ్చింది ఇచ్చినట్టే, ఇంకాస్త కలిపి, వాళ్లు అడగకముందే తీర్చేయడం, దాన్నే గౌరవం అనుకుంటూ ఇన్నేళ్లు గడిపింది, జ్వరమొస్తే కమలాక్షమ్మ చారు తెచ్చిచ్చిన సాయంత్రమే అరటిపండ్లు పంపింది, ఆ తర్వాత ఆమె గోడ దాటి లోపలికి రాలేదు, ఎందుకు రాలేదో ఇప్పుడు తెలుస్తోంది, వచ్చినవాళ్లకు వచ్చినట్టే లెక్క ముగించి పంపేసింది, తన ఇంట్లో ఎవరి బాకీ లేదు, ఎవరూ లేరు. నువ్వు దాచింది యాడుంది మే, వాడు చెప్పినాడు ఏదో డబ్బాలో ఉండాదని, అన్నది సువార్తమ్మ, ఆ డబ్బా సంగతి ఆయనకు తెలుసా, ఎప్పటి నుంచి తెలుసు, అని పాత అనుమానం ఒక్కసారి తలెత్తి, ఎవరూ పట్టించుకోకపోయేసరికి మళ్లీ తల వాల్చింది, అది తెచ్చి నేను కట్టినదానికి కలిపితే క్రిస్మస్‌కు పత్రం ఇంటికొస్తాది, సుందరరాజును అడిగి వచ్చినాలే, అంటోంది సువార్తమ్మ, లూదియా తల ఊపుతూనే ఉంది కానీ లోపల మనసు అప్పటికే అలవాటు ప్రకారం పనిలో పడింది, రెండు ఎనుములు, ఉగాది నుంచి పాలు, చొప్ప, బస్సు చార్జీలు, పత్రం వచ్చినాక వడ్డీ మిగులుతుంది కాబట్టి ఆ మొత్తం నెలనెలా ఆళ్లగడ్డకు పంపితే, చికోరీ ఇంకో ఏడాది ఉంచితే, వచ్చే సంక్రాంతి తర్వాత ఒక ఎనుము, ఆ పైయేడు రెండో ఎనుము, అని లెక్క పరుగు తీస్తుంటే ఎదురుగా సువార్తమ్మ, తెలిసిపోయిందన్నట్టు, ఆమె కళ్లలోకే చూస్తూ నిలబడింది, పేడ వాసన వేసే ఆ చేతుల్ని కొంగుకు తుడుచుకుంటూ, లూదియా లెక్క రెండో ఎనుము దగ్గర ఆగింది, ఆగి వెనక్కి నడిచింది, ఇల్లు విడిపించుకోవాలి, గడువుకు ముందే విడిపించుకోవాలి, దానికి డబ్బా ఖాళీ చేస్తుంది, కానీ ఈ మనిషికి మాత్రం తీర్చకూడదు, ఒక్క ఎనుమైనా తీర్చకూడదు, బరువుగా ఉన్నా, సిగ్గుగా ఉన్నా, బతికినన్నాళ్లు ఈమెకు బాకీ పడే ఉండాలి, బాకీ ఉంటేనే ఈమె తనది.