మహాదేవమ్మ ఛీ

శివలీల తెల్లారి ఐదున్నరకే ఉగ్గానికి బొరుగులు నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, గంపకెత్తుతుంది. ఆరింటికి మొదటి వాయి మిరపకాయ బజ్జీలు నూనెలో పడతాయి. బేతంచెర్ల నాపబండల పాలిష్ ఫ్యాక్టరీలకు పోయే మనుషులు ఆమె ఉగ్గాని బజ్జీ తిని గాని మిషన్ల దగ్గరికి పోరు. వంటిల్లు వీధి వైపే ఉంది. తలుపు తెరిస్తే ఎత్తైన గడప, గడప దాటితే అరుగు. ఆ అరుగు మీద శివలీల అత్త మహాదేవమ్మ వక్కాకు నములుతూ కూర్చుని, వచ్చేపోయే వాళ్లను చూసి ముఖం చిట్లించుకుంటూ ఉంటుంది.

మహాదేవమ్మకు లోకంలో నచ్చేవి తక్కువ. తిన్న ఆకు తిన్నచోటే పారేసేవాడు నచ్చడు. నూనె చేయి గోడకు తుడిచేవాడు అసలే నచ్చడు. నలభై ఏండ్లు నాపరాళ్ల గనిలోనూ ఫ్యాక్టరీలోనూ పని చేసిన మనిషి. తన చేతి కింది బండ మీద గీత పడితే ఆ దినం ఆమెకు అన్నం సయించేది కాదు. అసహ్యం వేస్తే "ఛీ" అంటుంది. ఆమె ఛీ అంటే దగ్గరున్న మంట ఆరిపోతుంది.

ఇది ఆమెకు చిన్నప్పటినుంచీ ఉంది. చిన్న అసహ్యానికి చేతి కింది దీపం, పెద్ద అసహ్యానికి ఇంటిలోని పొయ్యి. ఆమె మొగుడు చిన్న ఈరన్న బతికినన్నాళ్లూ బీడీ కాల్చుకోవాలంటే రైలు స్టేషన్ దాకా నడిచిపోయేవాడు. పెండ్లిళ్లలో హోమం ముగిసేదాకా ఆమెను ఆకులు తుడిచేచోట కూర్చోబెట్టేవాళ్లు. దానికి ఎవరూ ఏమీ అనుకోలేదు. కొందరికి తేలు మంత్రం వస్తుంది, కొందరికి బెణుకు తీయడం వస్తుంది, ఈమెకు ఇది వచ్చు.

కట్టెల పొయ్యి ఉన్నన్నాళ్లు దానివల్ల పెద్ద నష్టమేమీ లేదు. పొయ్యి ఆరితే పొగ వచ్చేది, గొట్టంతో ఊదితే మళ్లీ అంటుకునేది. గ్యాసు వచ్చినాకే చిక్కు వచ్చింది. మంట ఆరితే గ్యాసు ఆగదు కదా. బుస్సుమని వస్తూనే ఉంటుంది. అందుకని శివలీల కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే ఒక పని నేర్చుకుంది. అత్త నోట "ఛీ" వినబడితే చాలు, చేతిలో ఏమున్నా వదిలిపెట్టి పొయ్యి నాబ్ తిప్పి గ్యాసు కట్టేస్తుంది. ఎదురింటి టీ అంగడి నాగన్న కూడా అంతే. వీధిలో అందరి చేతులకూ అది అలవాటైపోయింది.

ఇక ఆ వంటింటి సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీల తెల్లదుమ్ము లోపలికి వస్తోందని మహాదేవమ్మ కొడుకు రంగన్న కిటికీకి నిలువెత్తు నాపబండ అడ్డం పెట్టి సిమెంటు పూసినాడు. బేతంచెర్లలో ఏది చెడినా బండే మందు. దుమ్ము మాత్రం ఆగలేదు. అది బర్నరు కన్నాల్లో దూరి, నూనెతో కలిసి ముద్దయి, నీలంగా రావలసిన మంట పసుపు పచ్చగా వచ్చేది. బాండ్లి అడుగు చూస్తే శ్మశానంలో కుండలాగా ఉండేది. పొయ్యి కింద బొద్దింకలు. సిలిండర్ నుంచి పొయ్యికి పోయే రబ్బరు ట్యూబు ఎండిన పాము మాదిరి బిరుసుగా పగుళ్లు పట్టి ఉండేది. ఎలుక కొరికిన చోట రంగన్న కరెంటు టేపు చుట్టినాడు. ఆ టేపు మీద జిడ్డు, జిడ్డు మీద దుమ్ము, దుమ్ము మీద మళ్లీ జిడ్డు. సిలిండర్ తలకు పెట్టవలసిన ప్లాస్టిక్ మూత వంటసోడా కొలత గిన్నె అయింది. గ్యాసు అయిపోవచ్చిన దినం రంగన్న సిలిండర్‌ను పక్కకు పడుకోబెట్టి కాలితో దొర్లించేవాడు, అడుగున మిగిలింది కూడా పిండుకోవాలని.

ఇదంతా చూసి మహాదేవమ్మ ఛీ అనకుండా ఎట్లుంటుంది? దినానికి రెండుసార్లు పొయ్యి ఆరేది.

ఐదేండ్లకు ఒకసారి ఇంటి గ్యాసు చూసిపోవలసిన మనిషి వీరభద్ర ఒక దినం వచ్చినాడు. వీరభద్ర చెడ్డవాడు కాడు. అతనికి దేని మీదా అసహ్యం వేయదు, అంతే. టీలో ఈగ పడితే ఈగను తీసి టీ తాగుతాడు. వచ్చి అరుగు మీద కూర్చుని నాలుగు బజ్జీలు తిన్నాడు. జిడ్డు వేలితో ఫోను తీసి గడప బయటినుంచే పొయ్యికి ఒక ఫోటో కొట్టినాడు. ఒడిలో కాగితం పెట్టుకుని పైనుంచి కింది దాకా వరుసగా టిక్కులు పెడుతూ పోయినాడు.

"ఏమప్పా, లోపలికి పోయి చూడవా?" అంది మహాదేవమ్మ.

"చూస్తి కదవ్వా. అంతా బాగుండాది."

"ట్యూబు మీద ఏండ్లు రాసుండాయి. అది మార్చాల్సిన ఏడు దాటి రెండేండ్లయింది. నేను చదివినా."

"నువ్వు చదువుతావా అవ్వా!" వీరభద్ర నవ్వినాడు. "మా మేనేజర్ కూడా చదవడు ఆ అక్షరాలు. ఇంకో బజ్జీ ఎయ్ అక్కా, కారం బాగుండాది."

మహాదేవమ్మ అతని చేతిలోని కాగితం చూసింది, ట్యూబును చూసింది, అతని గడ్డం మీద అంటుకున్న శనగపిండి చూసింది.

"ఛీ!"

పొయ్యి ఆరింది. శివలీల నాబ్ కట్టింది. ఎదురుగా నాగన్న స్టవ్వూ ఆరింది, నాగన్నా కట్టినాడు. బాండ్లిలో ముప్పై బజ్జీలు పచ్చిపిండితో నూనె తాగి మునిగిపోయినాయి. షిఫ్టుకు ఆలస్యమవుతోందని మనుషులు తిట్టుకుంటూ పోయినారు.

రంగన్న కాగితాన్ని గోడకు అతికించి దాని మీద చేయి చరిచినాడు. "చూడమ్మా, అంతా బాగుండాదని సంతకం పెట్టి ఇచ్చిండాడు. ఇంక నువ్వెవరు బాగలేదనేకి?"

శివలీల గట్టిగా మాట్లాడలేదు. అత్త కాళ్ల దగ్గర కూర్చుంది. "అత్తా, నీ కొడుకు ఒక దినం పనికి పోతే రెండు దినాలు పోడు. ఇంట్లో కూడు ఉడుకుతాందంటే ఈ బజ్జీల మీదనే. వాయి వాయికీ పొయ్యి ఆరితే మనుషులు ఇంకో అంగడి చూసుకుంటారు. నీకు దండం పెడతా, ఆ మాట అనొద్దు."

కొడుకు అరిచి ఉంటే మహాదేవమ్మ ఇంకా రెండు ఛీలు అనేదే. కోడలు అడిగింది. 

"సరే. ఉరుకుంద ఈరన్నసామి మీద ఆన. ఇంక నా నోట ఆ మాట రాదు."

రాలేదు. అయితే అసహ్యం వేయడం ఆగలేదు కదా. మాట గొంతు దాకా వస్తే ఆమె ఒక వక్కపలుకు వేసుకుని దాన్ని కిందికి మింగేది. బొద్దింక ఉగ్గాని గంప ఎక్కితే మింగింది. రంగన్న సిలిండర్ దొర్లిస్తే మింగింది. వీరభద్ర బజ్జీల రుచి మరిగి దినామూ వచ్చి, తిన్న చేయి గోడకు తుడిస్తే, దాన్నీ మింగింది. నలభై దినాలు అట్లా గడిచినాయి. మనిషి కడుపు బిగిసిపోయింది. రాత్రి పక్క మీద పొర్లితే లోపల ఛీలు గులకరాళ్ల మాదిరి కదిలేవి. శివలీల బజ్జీలు ఒక్క వాయి కూడా చెడలేదు. అరుగు ముందర మనుషులు రెట్టింపైనారు.

నలభై ఒకటో దినం శివలీల పొద్దున్నే వంటింటి తలుపు తెరిచి లోపలికి అడుగు పెట్టి నిలబడిపోయింది. కుళ్లిన ఎల్లిపాయ వాసన. రంగన్న రాత్రి రెగ్యులేటర్ కట్టలేదు, ఎప్పుడూ కట్టడు. టేపు కింద ఎలుక కొరికిన కన్నం ఇంకాస్త తెరుచుకుంది. గ్యాసు గాలికంటే బరువు, నేల పట్టుకుని పరుచుకుంటుంది. కిటికీ బండతో మూసి ఉంది, తలుపు దగ్గర ఎత్తు గడప. రాత్రంతా కారిన గ్యాసు ఆ గదిలో తొట్టిలో నీళ్ల మాదిరి నిలబడి ఉంది. శివలీల మోకాళ్ల దాకా అందులో నిలబడి ఉంది.

"ఏమండీ, గ్యాసు వాసన వస్తాంది!"

రంగన్న అరుగు మీదికి వచ్చినాడు. మొదటి వాయి కోసం అప్పటికే వచ్చి కూర్చున్న వీరభద్ర తీరిగ్గా లేచినాడు.

"భయపడొద్దక్కా. యాడ లీకో ఇప్పుడే చెప్తా." జేబులోనుంచి అగ్గిపెట్టె తీసినాడు. "ట్యూబు ఎంబడి పుల్ల పోనిస్తే, లీకున్న చోట టప్పుమని అంటుకుంటాది. ఇరవై ఏండ్లనుంచి నేను చూసేది ఇట్లనే."

"వద్దురా!" అంది మహాదేవమ్మ.

"నీకు తెల్దులే అవ్వా," అంటూ అతను గడప మీద కాలు పెట్టినాడు. పుల్ల పెట్టెకు ఆనించినాడు. లోపల శివలీల సిలిండర్ దగ్గరికి వంగి ఉంది.

మహాదేవమ్మకు ఆన గుర్తుంది. వీరభద్ర గడ్డం మీద నిన్నటి శనగపిండి ఇంకా అట్లనే ఉంది, అదీ కనబడింది. ఈరన్నసామీ, ఈ పాపం నాది అనుకుంది. నోట్లో వక్కాకు ఉమ్మేసింది.

"ఛీ!"

నలభై దినాల ఛీ అది. పుల్ల గీకిన చప్పుడు వచ్చింది, నిప్పు రాలేదు. వీరభద్ర ఇంకో పుల్ల గీకినాడు. దాని తల ఇసుకలాగా రాలిపోయింది. నాగన్న స్టవ్వు ఆరింది. స్టేషన్ దగ్గర లారీ డ్రైవర్ల బీడీలు ఆరినాయి. గుడిలో హారతి పళ్లెం ఆరింది, పూజారి గంట ఆపి "మహాదేవమ్మ" అన్నాడు. ఊరు ఊరంతా ఆడవాళ్ల చేతులు నాబ్‌ల మీదికి పోయినాయి.

ముసలామె అరుగు మీద కూలబడింది. కడుపు ఖాళీ అయింది. వెదికి చూసుకుంటే లోపల ఒక్కటి కూడా మిగల్లేదు.

"ఒరేయ్, ఇంక నా దగ్గర ఛీ లేదు," అంది. "ఇప్పుడు నిప్పు పుడితే పుట్టిందే. మీ బుద్ధే మీకు దిక్కు."

అప్పటికి గాని రంగన్న కదలలేదు. లోపల మసకగా ఉందని స్విచ్ మీదికి చేయి చాచినాడు.

"స్విచ్ ముట్టుకుంటే చేయి ఇరుస్తా! వెలుగుతున్నది వెలగనీ, ఆరింది ఆరనీ. శివలీలా, రెగ్యులేటర్ కట్టు. కట్టినావా? దాన్ని పీకి మూత పెట్టు."

శివలీల రెగ్యులేటర్ పీకి, సోడా డబ్బాలోని మూత దులిపి సిలిండర్ తలకు బిగించింది. రంగన్న, ఆమె కలిసి దాన్ని దొర్లించకుండా, నిలువుగా ఎత్తి అరుగు మీదికి తెచ్చినారు. రంగన్న కిటికీ బండ పగలగొట్టేకి గడ్డపార ఎత్తినాడు.

"ఛ... నువ్వు నా కొడుకువేనా? గనిలో చూడలేదా, ఇనుము రాయికి తగిలితే నిప్పు రాలుతాది. బయటినుంచి పోయి సిమెంటు మీద నీళ్లు పోసి, కట్టెతో పెకిలించు."

పూసిన సిమెంటు కూడా రంగన్న పని మాదిరే ఉంది. తడిస్తే ఊడి వచ్చింది. బండ బయటికి వాలింది. శివలీల తడి గోనెపట్ట పట్టుకుని, నేల మీది మురికినీళ్లు గెంటినట్టు, కనబడని గ్యాసును గడప మీదుగా వీధిలోకి విసిరింది. గంట సేపు విసిరింది. వీరభద్ర అంతసేపూ తలలు రాలిన అగ్గిపెట్టె పట్టుకుని వీధిలో నిలబడే ఉన్నాడు.

ఆ దినం ఉగ్గాని లేదు. మరునాడు కొత్త ట్యూబు వచ్చింది. కిటికీకి తడిపిన పలుచని గుడ్డ వచ్చింది. శివలీల బర్నర్లు విప్పి సూదితో కన్నం కన్నం గుచ్చి నల్లటి ముద్ద తీసింది. గోడ మీది కాగితం చించి దాంతోనే ఆ ముద్ద తుడిచింది. మంట నీలంగా వచ్చింది.

మూడో దినం వీరభద్ర వచ్చినాడు. బజ్జీ అడగలేదు. గడ్డం శుభ్రంగా ఉంది. ముఖం మాత్రం ఎండిపోయి ఉంది.

"అవ్వా, ఏం చేస్తివి నన్ను?"

"ఏమైందప్పా?"

"నిన్న స్టేషన్ ఎనక ఒకింట్లో గ్యాసు చూసేకి పోతి. ఆ ట్యూబుకు జిడ్డు... బొద్దింకలు... ఇరవై ఏండ్లు అవన్నీ చూస్తాండా, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. నిన్న కడుపులో నుంచి ఏదో పైకి తన్నుకొచ్చింది. ఛీ అంటి. అంతే, వాళ్ల పొయ్యి ఆరిపాయ. ఈ పొద్దు ఇంకో మూడిండ్లలో అట్లనే. నా చేతిలో అగరుబత్తీ కూడా నిలబడటంలేదు."

మహాదేవమ్మ వక్కపలుకు వేసుకుంది.

"పొయ్యి ఆరినాక వాళ్లను నాబ్ కట్టమంటివా?"

"అంటి."

"ట్యూబు?"

"మార్పిస్తి. అగ్గిపుల్ల అంటుకోదు కదా, సబ్బునురుగు పూసి బుడగలు వస్తాయేమో చూస్తి. రెండిండ్లలో వచ్చె." అతని గొంతు తగ్గింది. "అవ్వా, ఆ రెండిండ్లకూ పోయినసారి నేనే సంతకం పెట్టింటి."

శివలీల చేతిలో జల్లిగరిటె ఆగింది. మహాదేవమ్మ అతని వైపు తిరిగింది. ముఖం చిట్లించలేదు.

"ఇంక ఎన్నిండ్లకు పెట్టింటివి?"

"లెక్క లేదవ్వా."

"అయితే ఈడ కూచోని ఏం చేస్తాండావు? లేచి పో."

వీరభద్ర లేచినాడు. గడప దగ్గర ఆగి పొయ్యి వైపు, కొత్త ట్యూబు వైపు, నిలువుగా నిలబడిన సిలిండర్ వైపు చూసినాడు. శివలీల చేయి తనకు తెలియకుండానే నాబ్ మీదికి పోయింది. అతను ఛీ అనలేదు. మంట నీలంగానే ఉంది. సబ్బుడబ్బా చంకలో పెట్టుకుని పక్కింటి తలుపు కొట్టినాడు.