బెల్టుకు ఆముదం

బొజ్జన్న బండి కిర్రుమందని పత్తికొండ చుట్టుపక్కల ఎవడైనా అంటే వాడికి చెవులు లేనట్టే లెక్క. ముప్పై ఏళ్ళు ఎద్దులబండి తోలాడు. ఇరుసుకు కందెన పెట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా! ఎద్దులు పోయాయి గానీ ఆ గర్వం పోలేదు, పోవాల్సిన పనీ లేదు.

అందుకే కూతురు మహేశ్వరి బాడుగ కారు స్టార్టు చేసినప్పుడల్లా బానెట్టు కింద కీచుమని అరుస్తుంటే ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం," అన్నాడు దెప్పుతూ.

"ఫ్యాను బెల్టు పాతబడింది నాయనా. కొత్తది తెచ్చి డిక్కీలో పెట్టినా. రేపటి ట్రిప్పు అయినాక మారుస్తా."

రేపటి ట్రిప్పంటే మాటలా! టమోటా మండీ సావుకారి ఓబుళేశును ఓర్వకల్లు విమానాశ్రయంలో వేళకు దింపాలి. సరిగ్గా దింపితే ఇకమీదట ఆయన బాడుగలన్నీ ఆమెవే. ఆడపిల్లకు కారేందని మూతి తిప్పిన ఊళ్ళో అది చిన్న సంగతి కాదు.

అలాంటి రోజు బండి అరిస్తే పరువేం కావాలి? మహేశ్వరి స్నానానికి పోయిన సందు చూసి బొజ్జన్న బానెట్టు ఎత్తాడు. ఇంజను పక్కన తిరిగే నల్లటి రబ్బరు పట్టీ మీద గిన్నెడు ఆముదం పోశాడు. తెల్లారి స్టార్టు చేస్తే చప్పుడే లేదు.

"ఏంది, ఈపొద్దు అరవలేదే!" అంది మహేశ్వరి. దిగి చూద్దామనుకుంది గానీ ఇంటి ముందుకొచ్చిన సావుకారి అప్పటికే వాచీ చూసుకుంటున్నాడు. విమానం చూపిస్తానని తండ్రిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరింది. బొజ్జన్న కిటికీ వైపు తిరిగి మీసం దువ్వుకున్నాడు.

ఓర్వకల్లు గుట్టలు కనబడే సరికి బ్యాటరీ ఎర్రలైటు వెలిగింది. ఇంజను వేడి చూపే ముల్లు పైకి లేచింది. మహేశ్వరి వెంటనే కారు పక్కకు తీసి ఆపేసింది.

బానెట్టు ఎత్తగానే ఆముదం వాసన గుప్పుమంది. బెల్టు నూనెకు జారి జారి, అంచులు పీలికలుగా లేచాయి. మహేశ్వరి జిడ్డు వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. తండ్రి వైపు ఒక్కసారి చూసింది. బొజ్జన్న తల దించుకున్నాడు.

"ఏమ్మా, బండిని ఇట్లేనా పెట్టుకునేది?" ఓబుళేశు గయ్యిమన్నాడు. "ఆడోళ్ళకు ఇంజను సంగతేం తెలుస్తాది! నాదే బుద్ధి తక్కువ."

"తప్పే సావుకారీ. పావుగంట ఇయ్యండి," అంది మహేశ్వరి.

తప్పేనంట! ఎవరి తప్పు? తండ్రి పేరు కాపాడాలని పిల్ల మాట మింగేసింది.

ఆమె డిక్కీలోంచి కొత్త బెల్టు, స్పానర్లు తెచ్చింది. డైనమో బోల్టు వదులు చేసి పాత బెల్టు లాగేసింది. బెల్టు తిరిగే చిన్న చక్రాల గాడుల్లో నూనె చుక్క మిగలకుండా సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో తుడిచింది. కొత్తది ఎక్కించి, ఇనుప కడ్డీతో డైనమోను ఎగదన్ని బోల్టు బిగించింది. బెల్టు నడుమ బొటనవేలితో నొక్కి చూసింది.

"అరంగుళం దిగాల నాయనా. ఎక్కువ దిగితే జారుతాది, దిగకుంటే బేరింగు పోతాది."

చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటరు గొట్టాలు కూడా తడిమింది, ఎక్కడైనా ఉబ్బాయేమోనని. ఎక్కడా తడబాటు లేదు. వయసులో ఉన్నప్పుడు తన చేతులు కూడా ఇంత నమ్మకంగా ఆడలేదనిపించింది బొజ్జన్నకు. ఛాతీ పొంగింది. ఇక ఉండబట్టలేకపోయాడు.

"సావుకారీ, తప్పు బిడ్డది కాదప్పా. నేనే ఆముదం పోసినా. రబ్బరుకు నూనె పడదని నాకు తెల్దు."

"నువ్వా? కందెన బొజ్జన్నవా?" ఓబుళేశు పగలబడి నవ్వాడు.

"నేనే. నవ్వుకో. గానీ పని సూసినావా?"

"ఊరుకో నాయనా," అంది మహేశ్వరి. ఆమె కళ్ళు చెమర్చాయి.

విమానం ఎగరడానికి ఇంకా గంటకు పైగా ఉండగానే కారు చేరింది. ఓబుళేశు సంచి అందుకుంటూ, "బుధవారం తిరిగొస్తా. నువ్వే రావాలమ్మా," అన్నాడు.

మరునాడు టీ అంగట్లో బొజ్జన్న ఈ కథంతా ఆముదం గిన్నెతో సహా నాలుగోసారి చెబుతున్నాడు. ఈడువాడు చిన్న ఈరన్న ఆపుకోలేక అడిగేశాడు.

"పరువు పోయే ముచ్చట ఊరంతా చాటుతాండావే, సిగ్గు లేదా?"

"శానా ఉండాది," అన్నాడు బొజ్జన్న. "ఆముదం మాట దాస్తే నా బిడ్డ పనితనం యాడినుంచి మొదలుపెట్టి చెప్పాల్రా?"